కాయిల్ ఓమ్స్‌కి, బ్యాటరీకి, డివైస్‌కి లెక్క కుదర్చడం ఎలా: వేప్ వాడేవాళ్ళకి సమగ్ర మార్గదర్శి

"0.2 ఓమ్ కాయిల్ వాడొచ్చా?" అని అడిగితే సూటిగా జవాబు చెప్పడం కుదరదు (కాయిల్ అంటే లిక్విడ్‌ని వేడిచేసే తీగ చుట్ట, ఓమ్స్ అంటే దాని రెసిస్టెన్స్, కరెంట్‌ని ఎంత అడ్డుకుంటుందన్న కొలత). అదే కాయిల్ ఒక డివైస్‌లో హాయిగా పనిచేస్తుంది, ఇంకోదాంట్లో బ్యాటరీని దాని హద్దు దాటించేస్తుంది, మూడోదాంట్లో అసలు ఫైరే అవ్వదు, స్క్రీన్ మీద ఎర్రర్ చూపించి ఊరుకుంటుంది. చాలామంది కాయిల్ మీద ఉన్న అంకె ఒక్కటే చూసి కొంటారు, గొడవంతా అక్కడే మొదలవుతుంది.

ఇది ఇప్పటికే వేప్ వాడుతున్న పెద్దవాళ్ళ కోసం రాసింది. పొగ అలవాటు లేనివాళ్ళు దీని జోలికి వెళ్ళాల్సిన పనే లేదు, నికోటిన్ పట్టుకుంటే అంత తేలిగ్గా వదలదు. లెక్కలనగానే టెన్షన్ పడక్కర్లేదు, భాగహారం, గుణకారం తప్ప ఇందులో ఏమీ లేదు, ఫోన్‌లో ఉన్న కాలిక్యులేటర్ చాలు.

అడుగు 1: మీ చేతిలో ఉన్నది ఏ రకం డివైసో తేల్చుకోండి

ఇది తేలకుండా కింద చెప్పే లెక్కలేవీ పనికిరావు, ఎందుకంటే డివైస్ రకాన్ని బట్టి కాయిల్ ఓమ్స్ చేసే పని పూర్తిగా మారిపోతుంది.

మెకానికల్ మోడ్ (మోడ్ అంటే బ్యాటరీ పట్టే డివైస్), అందరూ మెక్ అనేది, లోపల సర్క్యూట్ అంటూ ఏమీ లేని గొట్టం. బ్యాటరీ, స్విచ్, కాయిల్, అంతే. బటన్ నొక్కితే బ్యాటరీ వోల్టేజ్ నేరుగా కాయిల్‌కి వెళ్తుంది. ఎంత కరెంట్ లాగాలో నిర్ణయించేది కాయిల్ రెసిస్టెన్స్ ఒక్కటే. షార్ట్ అయితే ఆపే నాథుడు లేడు.

రెగ్యులేటెడ్ మోడ్‌లో బ్యాటరీకి, కాయిల్‌కి మధ్య ఒక చిప్ ఉంటుంది. మీరు 60 వాట్స్ పెడితే ఆ కాయిల్‌కి 60 వాట్స్ ఇవ్వడానికి ఎంత వోల్టేజ్ కావాలో అది లెక్క వేసుకుని, పెంచో తగ్గించో పంపుతుంది. ఇక్కడ బ్యాటరీ మీద పడే బరువుని నిర్ణయించేది మీరు పెట్టిన వాట్స్. ఓమ్స్ కాదు. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే సగం గందరగోళం పోతుంది.

మూడో రకం పాడ్‌లు, పెన్‌లు, చిన్న కిట్‌లు. వీటిలో రక్షణ సర్క్యూట్ ఉంటుంది కానీ చాలావాటిలో వోల్టేజ్‌ని పెంచే భాగం ఉండదు, బ్యాటరీలో ఎంత ఉంటే అంతే, లేదా అంతకన్నా కొంచెం తక్కువ వెళ్తుంది. అందుకే ఫుల్ చార్జ్‌లో బాగా కొట్టి, సాయంత్రానికి నీరసపడిపోతాయి. 1.0 ఓమ్ కాయిల్‌కి 4.2 వోల్ట్‌ల దగ్గర 17.6 వాట్స్ వస్తే, బ్యాటరీ 3.5కి పడ్డాక వచ్చేది 12.25 వాట్స్ మాత్రమే. ఈ రకం వాడేవాళ్ళకి నా సలహా చిన్నది: తయారీదారు ఆ డివైస్‌కి చెప్పిన కాయిల్స్ తప్ప వేరేవి పెట్టకండి. అడాప్టర్ బిగించి ఇంకో ట్యాంక్ తగిలించే ప్రయోగాలు వద్దు, లోపలి బ్యాటరీ ఎన్ని ఆంప్స్ తట్టుకుంటుందో మీకు తెలిసే దారి లేదు. పాడ్ మాత్రమే వాడేవాళ్ళు మిగతాదాంట్లో అడుగు 6, చివర్లో బ్యాటరీ జాగ్రత్తలు చదివితే సరిపోతుంది.

అడుగు 2: కాయిల్ అసలు రెసిస్టెన్స్ ఎంతో కొలవండి

రెడీమేడ్ కాయిల్ అయితే మీద రాసే ఉంటుంది, పక్కనే వాట్స్ రేంజ్ కూడా ఉంటుంది. 0.15 అని రాసినది 0.14 అనో 0.17 అనో చూపించడం మామూలే, కంగారు పడొద్దు. సొంతంగా చుట్టుకునేవాళ్ళకి మాత్రం కొలవడం తప్పనిసరి, కాలిక్యులేటర్ యాప్ చెప్పిన అంకెని నమ్మి మెక్‌లో పెట్టేయడం తప్పు.

దేనితో కొలవాలి? ఇంట్లో ఉన్న మామూలు మల్టీమీటర్ ఈ పనికి రాదు. దాని వైర్లకే ఓమ్‌లో పదో వంతో, రెండు పదోవంతులో రెసిస్టెన్స్ ఉంటుంది, మీరు కొలవబోయే కాయిలే 0.2 అయినప్పుడు ఆ రీడింగ్‌కి అర్థం లేదు. అటామైజర్ల (డివైస్ మీద బిగించే, కాయిల్ ఉండే భాగం) కోసమే వచ్చే ఓమ్ మీటర్ గానీ, రెగ్యులేటెడ్ మోడ్ స్క్రీన్ గానీ వాడండి. మెక్ వాడేవాళ్ళ దగ్గర ఈ రెండింటిలో ఒకటి కచ్చితంగా ఉండాలి, లేకపోతే మెక్ పక్కన పెట్టేయండి.

కొలిచేటప్పుడు కాయిల్ పూర్తిగా చల్లారి ఉండాలి. స్టెయిన్‌లెస్ స్టీల్, నికెల్, టైటానియం తీగలు వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ పెరుగుతుంది, కాబట్టి వేడి మీద కొలిస్తే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, మీరేమో అదే నిజమనుకుంటారు. మెక్‌లో ఎక్కువ కరెంట్ లాగేది చల్లగా ఉన్న ఆ మొదటి క్షణంలోనే. కాంతాల్‌లో ఈ మార్పు దాదాపు ఉండదు, నైక్రోమ్‌లో కొంచెమే.

రీడింగ్ నిలకడగా ఉందో లేదో కూడా చూడాలి. ఒకసారి 0.28, ఇంకోసారి 0.35, కొంచెం కదిపితే 0.22 వస్తోందంటే ఎక్కడో స్క్రూ సరిగ్గా పట్టలేదు, లేదా కాయిల్ కాలు డెక్‌కో (కాయిల్ బిగించే అడుగు భాగం), పైన మూతకో తగులుతోంది. అది సరిచెయ్యకుండా ముందుకెళ్ళొద్దు.

రెండు కాయిల్స్ వేసేవాళ్ళు తరచుగా పడే గొయ్యి ఒకటుంది. ఒకేలాంటి రెండు కాయిల్స్ డెక్ మీద పెడితే మొత్తం రెసిస్టెన్స్ సగమవుతుంది. ఒక్కోటి 0.4 అయితే రెండూ కలిపి 0.2. ఒక కాయిల్‌కి వేసిన లెక్కతోనే రెండూ వేసేస్తే కరెంట్ రెట్టింపు అవుతుంది.

అతి తక్కువ ఓమ్స్ దగ్గర మీటర్ తప్పు కూడా ఖరీదైనదే. 1.0 ఓమ్ దగ్గర 0.02 తేడా వస్తే ఏమీ కాదు. అదే మీటర్ 0.12 చూపించి అసలు 0.10 అయి ఉంటే? మెక్‌లో 35 ఆంప్స్ అనుకున్నది 42 అవుతుంది. అందుకే హద్దు అంచున నిలబడే బిల్డ్‌లంటే నాకు చిరాకు, ఆవిరి కొంచెం ఎక్కువ రావడం తప్ప వాటితో ఒరిగేదేమీ లేదు.

అడుగు 3: బ్యాటరీ నిజమైన హద్దు తెలుసుకోండి

ఇక్కడ కావాల్సిన అంకె ఎంఏహెచ్ కాదు. అది బ్యాటరీ ఎంతసేపు వస్తుందో చెబుతుంది. మనకి కావాల్సింది ఆగకుండా ఎన్ని ఆంప్స్ ఇవ్వగలదన్నది, దాన్నే కంటిన్యుయస్ డిశ్చార్జ్ రేటింగ్, పొట్టిగా సీడీఆర్ అంటారు.

ఉదాహరణకి 18650 సైజులో (18 మిల్లీమీటర్ల వెడల్పు, 65 మిల్లీమీటర్ల పొడవు) శాంసంగ్ 25ఆర్ అనే సెల్ 2500 ఎంఏహెచ్, 20 ఆంప్స్. అదే కంపెనీ 30క్యూ 3000 ఎంఏహెచ్, కానీ 15 ఆంప్స్. ఎల్‌జీ హెచ్‌జీ2 3000 ఎంఏహెచ్, 20 ఆంప్స్. మామూలుగా ఒకే తరం సెల్స్‌లో కెపాసిటీ పెరిగితే ఆంప్స్ తగ్గుతాయి, రెండూ ఒకేసారి కావాలంటే కుదరదు. కాబట్టి 18650 మీద "3000 ఎంఏహెచ్, 40 ఆంప్స్" అని కనిపిస్తే అది దాదాపుగా అబద్ధమే. "9900 ఎంఏహెచ్" అని కనిపిస్తే ఇంకా పెద్ద అబద్ధం, ఆ సైజులో అందులో సగం కూడా రాదు. సెల్ కొంచెం పెద్దదైన 21700 సైజులో రెండూ కాస్త ఎక్కువ దొరుకుతాయి, కానీ అది మీ డివైస్‌లో పట్టాలి కదా.

ఇంకో అంకెల గారడీ పల్స్ రేటింగ్. కొన్ని సెకన్లు మాత్రమే ఇవ్వగలిగే కరెంట్ అది. ఎన్ని సెకన్లు, మధ్యలో ఎంత విరామం అన్నదానికి అందరూ పాటించే ప్రమాణం లేదు, ఎవరికి నచ్చినట్టు వాళ్ళు రాసుకుంటారు. మేం పీల్చేది రెండు మూడు సెకన్లేగా, పల్స్ చూసుకుంటే చాలు కదా అని వాదించేవాళ్ళున్నారు. బటన్ ఇరుక్కుపోయిన రోజు ఆ వాదన నిలబడదు. సంచిలో పడి దానంతట అదే ఫైర్ అవుతుంటే బ్యాటరీకి అది ఆగని లోడే.

సోనీ వీటీసీ6 అనే 18650 సెల్ దగ్గర ఇంకో మెలిక ఉంది (సోనీ బ్యాటరీ వ్యాపారం 2017లో మురాటా చేతికి వెళ్ళింది, రెండు పేర్లతోనూ కనిపిస్తుంది). దానికి 30 ఆంప్స్ అని చెప్పుకుంటారు, కానీ అది సెల్ 80 డిగ్రీల సెల్సియస్‌కి చేరగానే కరెంట్ కట్ చేసే ఏర్పాటు ఉంటేనే వర్తిస్తుంది. అలాంటి ఏర్పాటు లేకపోతే 15గానే లెక్క వేసుకోవాలి. మెక్ గొట్టంలో ఉష్ణోగ్రత చూసేదెవరు?

అసలు సెల్స్ తయారుచేసేది శాంసంగ్, ఎల్‌జీ, మురాటా, పానసోనిక్, మోలీసెల్ లాంటి కొద్ది కంపెనీలే. రంగురంగుల తొడుగులతో వచ్చే మిగతా పేర్లలో చాలావరకు వీళ్ళవో, ఇంకెవరివో సెల్స్ కొని కొత్త తొడుగు వేసినవే, లోపల ఏముందో తొడుగు చూసి చెప్పలేం. ఇంకో సంగతి కూడా దాచకూడదు: శాంసంగ్, ఎల్‌జీ లాంటి తయారీదారులు ఈ సెల్స్‌ని రక్షణ సర్క్యూట్ ఉన్న ప్యాక్‌ల కోసం చేస్తాం తప్ప విడిగా వేప్‌లో వాడటానికి కాదనే చెబుతారు. అంటే విడి సెల్ పెట్టుకున్న ప్రతివాళ్ళూ ఆ బాధ్యత తమ మీద వేసుకున్నట్టే. నమ్మకమైన చోట కొనడం, బరువు చూడటం (అసలు 18650 దాదాపు 45 నుంచి 50 గ్రాములు ఉంటుంది, మరీ తేలిగ్గా ఉంటే అనుమానించాలి), తెలియని సెల్‌ని పక్కన పెట్టడం, ఇంతకన్నా చెయ్యగలిగింది తక్కువ.

ఇప్పుడు వచ్చిన సీడీఆర్‌లోంచి 20 శాతం తీసేయండి. 20 అయితే 16, 15 అయితే 12. బ్యాటరీ పాతబడేకొద్దీ లోపలి రెసిస్టెన్స్ పెరుగుతుంది, అదే కరెంట్‌కి ఎక్కువ వేడెక్కుతుంది, ఈ మినహాయింపు దానికోసమే. కింద లెక్కల్లో దీన్నే మీ హద్దు అంటాను.

అడుగు 4: మెక్ వాడేవాళ్ళ లెక్క

సూత్రం ఒకటే: వోల్టేజ్‌ని రెసిస్టెన్స్‌తో భాగిస్తే కరెంట్. వోల్టేజ్ ఎప్పుడూ 4.2 తీసుకోవాలి, ఎందుకంటే ఫుల్ చార్జ్ అప్పుడు ఉండేది అదే. "బటన్ నొక్కగానే 3.8కి పడిపోతుంది కాబట్టి దానితో లెక్క వేస్తా" అనే తెలివి వద్దు.

ఒక బ్యాటరీతో ఇలా వస్తుంది:

1.0 ఓమ్: 4.2 ఆంప్స్, 17.6 వాట్స్
0.5 ఓమ్: 8.4 ఆంప్స్, 35.3 వాట్స్
0.3 ఓమ్: 14 ఆంప్స్, 58.8 వాట్స్
0.25 ఓమ్: 16.8 ఆంప్స్, 70.6 వాట్స్
0.2 ఓమ్: 21 ఆంప్స్, 88.2 వాట్స్
0.1 ఓమ్: 42 ఆంప్స్, 176.4 వాట్స్

దీన్నే తిరగేస్తే మీ బ్యాటరీకి ఎంతవరకు దిగొచ్చో తెలుస్తుంది. 4.2ని మీ హద్దుతో భాగించండి. 20 ఆంప్స్ బ్యాటరీకి మినహాయింపు పోగా 16, అంటే 0.27 ఓమ్‌కి తగ్గకూడదు. 15 ఆంప్స్ దానికి 12, అంటే 0.35. చివరి వరుసలో ఉన్న 0.1కి పైన చెప్పిన 18650ల్లో ఒక్కటి కూడా సరిపోదు, ఎవరేం చెప్పినా సరే.

రెండు బ్యాటరీల మెక్‌లు రెండు రకాలు, వీటిని కలగలిపితే కొంప మునుగుతుంది. ప్యారలల్‌లో వోల్టేజ్ 4.2గానే ఉండి కరెంట్‌ని రెండు సెల్స్ పంచుకుంటాయి: 0.2 ఓమ్‌కి మొత్తం 21, ఒక్కోదాని మీద 10.5. సిరీస్‌లో వోల్టేజ్ 8.4 అవుతుంది, కరెంట్ మాత్రం పంచుకోవు, మొత్తం కరెంట్ రెండింటిలోంచీ వెళ్తుంది. 0.4 ఓమ్‌కి 8.4 ÷ 0.4 = 21 ఆంప్స్, 176 వాట్స్, ఆ 21 ప్రతి సెల్ మీదా పడుతుంది. "రెండు బ్యాటరీలున్నాయి కదా, లోడ్ సగమే" అని సిరీస్ మెక్‌లో 0.2 కాయిల్ పెడితే ఒక్కో సెల్ నుంచి 42 ఆంప్స్ లాగుతున్నట్టు. మీది ఏ రకమో తెలియకపోతే వాడకండి. ప్యారలల్‌లోనూ పంపకం సమానంగా జరగాలంటే సెల్స్ రెండూ ఒకేలా, ఒకే చార్జ్‌లో ఉండాలి, లేకపోతే నిండుగా ఉన్నది ఖాళీగా ఉన్నదాంట్లోకి కరెంట్ కుమ్మరిస్తుంది.

హైబ్రిడ్ క్యాప్ ఉన్న మెక్‌ల గురించి ఒక మాట. వీటిలో అటామైజర్ 510 పిన్ (అడుగున థ్రెడ్ మధ్యలో ఉండే కాంటాక్ట్) నేరుగా బ్యాటరీ పాజిటివ్‌కి తగులుతుంది. ఆ పిన్ చుట్టూ ఉన్న థ్రెడ్ కంటే స్పష్టంగా బయటికి పొడుచుకుని లేకపోతే, బ్యాటరీ తల పిన్‌కీ థ్రెడ్‌కీ ఒకేసారి తగిలి, బటన్ నొక్కగానే సూటిగా షార్ట్ అవుతుంది, మీ కాయిల్ ఎన్ని ఓమ్స్ అయినా దానికి సంబంధం లేదు. స్ప్రింగ్ మీద లోపలికి నొక్కుకుపోయే పిన్ ఉన్న ట్యాంక్‌లు ఇక్కడ అస్సలు పనికిరావు. గొట్టానికి గ్యాస్ పోయే రంధ్రాలు ఉన్నాయో లేదో కూడా చూసుకోండి, అవి లేని మూసుకుపోయిన గొట్టంలో బ్యాటరీ దెబ్బతింటే లోపలి ఒత్తిడి పోవడానికి దారి ఉండదు.

నా అభిప్రాయం అడిగితే, ఈ అడుగులో ఏ ఒక్క వాక్యం అర్థం కాకపోయినా మెక్ కొనొద్దు, రెగ్యులేటెడ్ వాడుకోండి.

అడుగు 5: రెగ్యులేటెడ్ వాడేవాళ్ళ లెక్క

60 వాట్స్ పెట్టారనుకోండి. కాయిల్ 0.15 అయితే చిప్ దానికి 3 వోల్ట్‌లు, 20 ఆంప్స్ పంపుతుంది. కాయిల్ 0.6 అయితే 6 వోల్ట్‌లు, 10 ఆంప్స్ పంపుతుంది. రెండుచోట్లా పని 60 వాట్సే. బ్యాటరీకి కాయిల్ కనిపించదు, చిప్ అడిగే వాట్స్ మాత్రమే తెలుసు, కాబట్టి రెండు సందర్భాల్లోనూ దాని మీద బరువు ఒకటే. "ఎక్కువ ఓమ్స్ కాయిల్ వేశా, బ్యాటరీ సేఫ్" అనుకోవడం రెగ్యులేటెడ్‌లో చెల్లదు, వాట్స్ తగ్గిస్తేనే సేఫ్.

లెక్క ఇలా: వాట్స్‌ని, బ్యాటరీ ఖాళీ అయ్యే వోల్టేజ్ 3.2 × చిప్ సామర్థ్యం 0.9తో, అంటే 2.88తో భాగించాలి. 3.2 దేనికంటే చాలా డివైస్‌లు ఆ చుట్టుపక్కలే బ్యాటరీ అయిపోయిందని ఆగుతాయి. మీది ఇంకా కిందికి వెళ్తే ఆ అంకె వేసుకోండి. మెక్‌కి పూర్తిగా తలకిందులు ఇది: మెక్‌లో ఫుల్ చార్జ్ అప్పుడు కరెంట్ ఎక్కువ, రెగ్యులేటెడ్‌లో బ్యాటరీ అయిపోతున్నప్పుడు ఎక్కువ, ఎందుకంటే వోల్టేజ్ పడిపోతున్నా అవే వాట్స్ ఇవ్వాలంటే చిప్ ఇంకా కరెంట్ లాగాలి. అదే 60 వాట్స్‌కి నిండు బ్యాటరీ నుంచి సుమారు 16 ఆంప్స్, ఖాళీ అయ్యేముందు 20.8.

తిరగేసి చూస్తే, మీ హద్దు × 2.88 = ఒక బ్యాటరీతో పెట్టదగిన వాట్స్. 16 ఆంప్స్ హద్దుకి 46 వాట్స్. 12 ఆంప్స్‌కి 34. రెండు బ్యాటరీల డివైస్ అయితే రెట్టింపు చెయ్యండి, లోపల సిరీస్ అయినా ప్యారలల్ అయినా ఒక్కో సెల్ వంతు సగం వాట్సే. అంటే రెండు 20 ఆంప్స్ సెల్స్‌తో 92 వాట్స్ దాకా హాయిగా.

ఇప్పుడు డివైస్ డబ్బా మీద రాసిన "220 వాట్స్" సంగతి చూడండి. రెండు బ్యాటరీలకి పంచితే 110, దాన్ని 2.88తో భాగిస్తే ఒక్కోదాని మీద 38 ఆంప్స్. పైన చెప్పిన 18650ల్లో ఏదీ దాన్ని ఆగకుండా ఇవ్వలేదు. అది చిప్ ఇవ్వగలిగే అంకె, మీ బ్యాటరీలు ఇవ్వగలిగేది కాదు.

వాట్స్ పెంచగానే "వీక్ బ్యాటరీ" అనో "చెక్ బ్యాటరీ" అనో వస్తోందా? చార్జ్ సగం పైనే చూపిస్తున్నా? లోడ్ పడగానే సెల్ వోల్టేజ్ కుప్పకూలుతోందని అర్థం. సెల్ పాతదైపోయింది, లేదా మీరు అడిగే ఆంప్స్ దానికి మించినవి. కొంతమంది ఆ మెసేజ్ వచ్చినప్పుడల్లా తీసి మళ్ళీ పెట్టి కానిచ్చేస్తారు. అలా చెయ్యకండి.

బైపాస్ సెట్టింగ్ ఆన్ చేస్తే చిప్ వోల్టేజ్‌ని మార్చదు, బ్యాటరీ వోల్టేజ్ అలాగే పంపుతుంది. అప్పుడు వేసుకోవాల్సింది అడుగు 4లో ఉన్న లెక్క, రెండు బ్యాటరీలు సిరీస్‌లో ఉంటే 8.4తో.

అడుగు 6: డివైస్ హద్దుల్లో కాయిల్ ఇముడుతుందా

రెగ్యులేటెడ్‌లో ఓమ్స్‌కి విలువ వచ్చేది ఇక్కడ. మాన్యువల్‌లో మూడు అంకెలు వెతకండి: రెసిస్టెన్స్ రేంజ్ (కనిష్ఠం నుంచి గరిష్ఠం), గరిష్ఠ అవుట్‌పుట్ కరెంట్, గరిష్ఠ అవుట్‌పుట్ వోల్టేజ్. మొదటిది దాటితే ఫైర్ అవ్వదు, అక్కడితో అయిపోయింది. మిగతా రెండూ దాటితే ఫైర్ అవుతుంది కానీ మీరు పెట్టినన్ని వాట్స్ రావు, చాలామందికి అర్థం కాని సమస్య ఇదే.

కరెంట్ హద్దు 25 ఆంప్స్ ఉన్న డివైస్‌లో 0.1 కాయిల్ పెట్టారనుకోండి. కరెంట్ × కరెంట్ × ఓమ్స్, అంటే 25 × 25 × 0.1 = 62.5 వాట్స్. స్క్రీన్ మీద 100 పెట్టినా వచ్చేది 62.5 మాత్రమే. అటువైపు, వోల్టేజ్ హద్దు 8 ఉన్న డివైస్‌లో 1.8 ఓమ్ కాయిల్ అయితే 8 × 8 ÷ 1.8, అంటే 35 వాట్స్ పైన పోదు, అయితే 1.8 కాయిల్‌కి అంత అవసరం ఎలాగూ ఉండదు.

పాడ్‌లలో ఇది ఇంకా తొందరగా బయటపడుతుంది. ఒకే పాడ్ సిరీస్‌లో 0.3 కాయిల్, 1.0 కాయిల్ రెండూ అమ్ముతారు, మీ మోడల్ గరిష్ఠం 20 వాట్స్ అయి, ఆ 0.3 కాయిల్‌కి 30 కావాల్సి ఉంటే, పెడితే పడుతుంది, పీలిస్తే పస ఉండదు. కొనేముందు కాయిల్ మీది కనిష్ఠ వాట్స్‌ని డివైస్ గరిష్ఠంతో పోల్చుకుంటే డబ్బు మిగులుతుంది.

టెంపరేచర్ కంట్రోల్ వాడాలంటే తీగ స్టీల్ (ఎస్ఎస్316ఎల్), నికెల్ లేదా టైటానియం అయి ఉండాలి, మోడ్‌లో అదే తీగ ఎంచుకోవాలి, చల్లగా ఉన్నప్పుడే రెసిస్టెన్స్ లాక్ చెయ్యాలి. నికెల్, టైటానియం కాయిల్స్‌ని మామూలు వాట్స్ సెట్టింగ్‌లో వాడకూడదు, కాటన్ లేకుండా ఎర్రగా కాల్చకూడదు.

అడుగు 7: వాట్స్ నుంచి వెనక్కి రండి

చాలామంది ఓమ్స్‌తో మొదలుపెట్టి వాట్స్ దగ్గరికి వెళ్తారు. నేను తిరగేసి చేస్తాను. ముందు మీకు ఎలాంటి పఫ్ కావాలో తేల్చుకోండి. సిగరెట్‌లా నోట్లోకి లాగి తర్వాత లోపలికి తీసుకునే ఎంటీఎల్ అయితే 0.8 ఓమ్ పైన కాయిల్, 10 నుంచి 20 వాట్స్, ఏ బ్యాటరీకీ అది బరువు కాదు. నేరుగా ఊపిరితిత్తుల్లోకి లాగే డీఎల్ అయితే సబ్‌ఓమ్ (1 ఓమ్ కంటే తక్కువ) కాయిల్, 40 వాట్స్ నుంచి పైకి. అదే ఓమ్స్ ఉన్నా తీగ లావు, బరువు పెరిగితే వేడెక్కడానికి ఎక్కువ వాట్స్ కావాలి. 0.3 దగ్గర సన్నని సింగిల్ తీగ ఒక రకం, 0.3 దగ్గర లావుపాటి క్లాప్టన్ (తీగ చుట్టూ ఇంకో సన్నని తీగ చుట్టినది) ఇంకో రకం, ఓమ్స్ ఒక్కటే చూస్తే ఈ తేడా కనపడదు.

ఆ వాట్స్‌కి తగ్గ బ్యాటరీ ఉందా, డివైస్ ఇవ్వగలదా అని అడుగు 5, 6లతో సరిచూసుకోండి. మూడింటిలో ఏది తక్కువో అదే మీ గరిష్ఠం.

చేసి చూద్దాం. ఒకే 18650 పట్టే 80 వాట్స్ రెగ్యులేటెడ్ మోడ్, అందులో 30క్యూ సెల్, ట్యాంక్‌లో 60 నుంచి 80 వాట్స్ అని రాసిన 0.15 మెష్ (తీగకి బదులు జల్లెడలాంటి రేకు ఉండే) కాయిల్. 30క్యూ 15 ఆంప్స్, మినహాయింపు పోగా 12, అంటే 34 వాట్స్. కాయిల్‌కి కనీసం 60 కావాలి, దానికి 20.8 ఆంప్స్. ఈ జత కుదరదు. దారులు రెండు: అదే ట్యాంక్‌కి 25 నుంచి 35 వాట్స్ రేంజ్‌లో కాయిల్ దొరికితే అది వేసుకోవడం, లేదంటే రెండు బ్యాటరీల మోడ్‌కి మారి 20 ఆంప్స్ సెల్స్ పెట్టుకోవడం. అదే 60 వాట్స్ అప్పుడు ఒక్కో సెల్ మీద 10.4 ఆంప్స్ పడుతుంది, దిగుల్లేదు.

ఓమ్స్ తగ్గిస్తూ ఆవిరి పెంచుతున్నప్పుడు లిక్విడ్ సంగతి మర్చిపోవద్దు. మిల్లీలీటర్‌కి 20 మిల్లీగ్రాములో, 50 మిల్లీగ్రాములో ఉండే నికోటిన్ సాల్ట్‌లు తక్కువ వాట్స్ పాడ్‌ల కోసం. వాటిని సబ్‌ఓమ్ ట్యాంక్‌లో పోసి లాగితే తల తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం ఖాయం. ఈ ట్యాంక్‌లకి 3 నుంచి 6 మిల్లీగ్రాములే వాడతారు.

లెక్క సరిగ్గా ఉన్నా బ్యాటరీని గమనించాల్సినవి

18650 సెల్‌లో పాజిటివ్ పైన చిన్న బొడిపె మాత్రమే, మిగతా డబ్బా అంతా నెగటివ్. ఆ రెండింటినీ వేరు చేసేది సన్నని ప్లాస్టిక్ తొడుగు, పైన ఒక ఇన్సులేటర్ రింగ్. తొడుగు చిన్నగా చిరిగినా, ముఖ్యంగా పైఅంచు దగ్గర, వాడటం ఆపి కొత్త తొడుగు వేయాలి. డబ్బాకే సొట్ట పడితే తొడుగు మార్చినా లాభం లేదు, తీసేయాలి. విడి బ్యాటరీని తాళాలు, చిల్లర ఉన్న జేబులో ఎప్పుడూ వేసుకోకండి, ప్లాస్టిక్ కేస్‌లో పెట్టండి.

రెండు బ్యాటరీల డివైస్‌కి ఒకే మోడల్ సెల్స్ రెండు ఒకేసారి కొని, మార్కర్‌తో గుర్తు పెట్టి, ఎప్పుడూ కలిపే వాడండి, కలిపే చార్జ్ చెయ్యండి. వేరే జతలోది తెచ్చి కలిపితే బలహీనమైనది ముందే ఖాళీ అయి, రెండోది దాన్ని ఇంకా కిందికి లాగేస్తుంది. చార్జర్ 4.2 వోల్ట్‌ల దగ్గర ఆపాలి, రాత్రంతా పెట్టి పడుకోవద్దు. మర్చిపోయి సొరుగులో పడేసిన సెల్ 2.5 కంటే కిందికి పడిపోయి ఉంటే దాన్ని మళ్ళీ బతికించే ప్రయత్నం వద్దు.

వాడుతుండగా మోడ్ గోరువెచ్చగా అవడం మామూలే. చేత్తో పట్టుకోలేనంత వేడెక్కితే, మెక్‌లో బటన్ కాలుతుంటే, వాడటం ఆపేయండి, బ్యాటరీ తేలిగ్గా వస్తే తీసి కాలని నేల మీద పెట్టండి. బుసబుసమంటూ గ్యాస్ గానీ పొగ గానీ వస్తే మాత్రం తీసే ప్రయత్నం చెయ్యొద్దు, వదిలేసి దూరం జరగండి, ఆ పొగ పీల్చకండి. చార్జ్ అవుతున్నప్పుడు వేడెక్కే సెల్, అంతకుముందు రోజంతా వచ్చి ఇప్పుడు మధ్యాహ్నానికే అయిపోయే సెల్ పని అయిపోయినట్టే. రెండు కొనలకీ టేప్ చుట్టి బ్యాటరీలు సేకరించే చోట ఇవ్వండి, చెత్తబుట్టలో వెయ్యొద్దు.